నడిమి గోడ

“అక్కా, ఈసారి ఏటి కట్ట ఆగదేమోనే,” అన్నాను గోడకేసి తిరిగి.

గోడ అవతల మా తోడికోడలు గిన్నెలు తోముతోంది. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే గోడ, మట్టి ఇటుకలది. మామగారు కట్టించినప్పుడు ఇటుక చాల్లేదో, ఓపిక చాల్లేదో గానీ, పైన దూలాల మధ్య జానెడు ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీలోంచి వాళ్ళ పొయ్యి పొగ మాకూ, మా ఇంటి గొడవలు వాళ్ళకీ చేరుతుండేవి.

“ఆగకపోతే నువ్వెళ్ళి అడ్డం పడుకో. నీ భయం చూసి నీళ్ళే వెనక్కి పోతాయి,” అంది అక్క.

“నవ్వులాట కాదక్కా. నీళ్ళ రంగు మారింది. చెట్లు కొట్టుకొస్తున్నాయట.”

“నిన్న గ్యాసు పేలుతుందన్నావు. మొన్న పిల్లకి వచ్చింది మామూలు జ్వరం కాదన్నావు. అటుమొన్న మీ ఆయన రావడం ఆలస్యమైతే ఏ లారీ కిందో పడ్డాడన్నావు. ఆయనేమో మా అరుగు మీదే కూర్చుని పేకాడుతున్నాడు. మన రెండిళ్ళకీ భయపడటానికి నువ్వొక్కదానివి చాలులేవే. నన్ను గిన్నెలు తోముకోనీ.”

ఆమె ఎప్పుడూ అనే మాటే అది. ఆ మాట విన్నాక నాకు కాస్త ఊపిరాడేది. నా భయం ఆ ఖాళీలోంచి అటు వెళ్ళి, ఎగతాళి అయి తిరిగొచ్చేది. ఎగతాళి అయ్యాక దాన్ని పక్కన పెట్టి పడుకోగలిగేదాన్ని.

ఆ సాయంత్రం మాత్రం పక్కన పెట్టలేకపోయాను. పిల్లనీ మా ఆయన్నీ లాక్కుని బడి మేడ మీదికి బయల్దేరాను. ఆ వానాకాలంలో అలా పోవడం అదే మొదటిసారి కాదు. పోయిన ప్రతిసారీ తెల్లారాక చాప చంకన పెట్టుకుని తిరిగొస్తుంటే ఊరు ఊరంతా నవ్వింది. “మళ్ళీ నవ్వించుకోవడానికి పోతున్నావా?” అని అక్క గుమ్మంలోంచి అరిచింది. మా ఆయనకి అన్న, బావగారు, సైకిలు చక్రం ముందేసుకుని ట్యూబుకి అతుకు వేస్తూ తల కూడా ఎత్తలేదు.

కట్ట తెగింది.

మోకాలి లోతు నీళ్ళలో వాళ్ళిద్దరూ బయటికైతే వచ్చారు. సగం దారిలో బావగారికి పనిముట్ల పెట్టె గుర్తొచ్చింది. ముందుగదిలో సైకిళ్ళు బాగుచేసుకుని బతికే మనిషి, ఆ పెట్టె లేకపోతే చేతులు లేనట్టే. “నువ్వు పద, నీ వెనకే వస్తా” అని వెనక్కి తిరిగాడట. ఆ ముక్క మాతో చెప్పి అక్క మేడ మెట్ల మీద కూర్చుంది. ఆమె నోటి నుంచి మేం విన్న చివరి మాట అదే. వరద తీశాక ఆయన పొలాల్లో దొరికాడు. అప్పుడూ ఆమె నోరు విప్పలేదు, ఆ తర్వాతా విప్పలేదు. పెడితే తినేది, పిలిస్తే లేచేది. మాట మాత్రం లేదు.

నేనూ మానేశాను. మాట్లాడటం కాదు, భయాలు పైకి చెప్పడం. బడి దగ్గర నీళ్ళ కోసం నిలబడితే ఒకామె నా మొహం మీదే అంది, “అనీ అనీ తెచ్చావు కదమ్మా” అని. పక్కనున్నామె ఇంకో మాట అంది. “అది కాదు వదినా, రోజూ అరుస్తుంటే ఇదీ ఉత్తిదే అనుకున్నాం. లేకపోతే మేమూ ముందే కదిలేవాళ్ళం.” అనడం వల్ల వచ్చిందో, అస్తమానం అనడం వల్ల ఎవరూ వినలేదో, ఎటు తిప్పినా వచ్చి తగిలేది నా నోటికే. అక్క ఈ రెంటిలో ఏది అనుకుంటోందో నాకు తెలీదు. అడిగే ధైర్యం లేదు. ఇక ఒక్క భయం కూడా పెదవి దాటనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

సాయానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ఒక బ్యాంకు గుమాస్తా, ఒక టైలరు, ఒక టీచరమ్మ, సన్నగా ఎప్పుడూ దగ్గుతుండే ఒక మేస్త్రి, ఇంకా చాలామంది. వాళ్ళందర్నీ నడిపించేది ఒక బస్సు కండక్టరు. ఉద్యోగానికి సెలవు పెట్టాడు గానీ నోటికి పెట్టలేదు. ఇళ్ళలోంచి బురద తట్టలు చేతులు మారుతూ బయటికి వస్తుంటే ఒకటే కేకలు. “ముందుకు జరగాలి, ముందుకు జరగాలి! గుమ్మంలో వేలాడకండి సార్, లోపలంతా ఖాళీయే!” కూలిన ఇంటి ముందు కూర్చుని ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆ కేక విని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాళ్ళు.

మా అమ్మాయి కూడా ఆ వరసలో చేరింది. బురదలో మేకులుంటాయి. పెంకుల సందుల్లో పాములుంటాయి. నానిన దూలం ఎప్పుడు విరుగుతుందో దానికే తెలీదు. పిల్లేమో ఒట్టి కాళ్ళతో తిరుగుతోంది. నేను తట్ట అందిస్తూ పళ్ళు బిగబట్టుకున్నాను.

“అమ్మా, ఏమీ అనవేంటి?” అంది తట్ట అందుకుంటూ.

“ఏమనాలి?”

“మేకు గుచ్చుకుంటుందను. ధనుర్వాతం వస్తుందను. ఏదో ఒకటి అనవే. నువ్విలా ఊరుకుంటే నాకు భయమేస్తోంది.”

“చూసుకుని నడువు,” అన్నాను. అంతకంటే ఒక్క ముక్క రానివ్వలేదు. అది నన్ను అదోలా చూసింది. కాసేపటికి టైలరు బూట్లు అడిగి తొడుక్కొచ్చింది. దాని కాలికి పడవల్లా ఉన్నాయి. జారిపడుతుందేమో అనుకున్నాను. అనుకోవడంతోనే ఆపేశాను.

అక్కా వాళ్ళ ఇల్లు శుభ్రం చేసేటప్పుడు పనిముట్ల పెట్టె దొరికింది. పెరటి గుమ్మం పక్కన, బురద అడుగున, గొళ్ళెం వేసి. అంటే ఆయన దాన్ని అందుకున్నాడు, బయల్దేరాడు కూడా. అది చూసి మా ఆయన అటు తిరిగి నిలబడిపోయాడు. బస్తాలు మోసే మనిషి, చిన్న పెట్టె ఎత్తలేకపోయాడు. చివరికి మేస్త్రీ టైలరూ కలిసి దాన్ని బయటికి తెచ్చి, ఒక్కో పనిముట్టునీ కిరసనాయిలుతో కడిగి, నూనె రాసి, బల్ల మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చారు. తర్వాత మా అమ్మాయి వెళ్ళి పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“చూడమ్మా, షాపులో పెట్టినట్టు పెట్టాం,” అన్నాడు కండక్టరు. ఆ మొహంలో ఎంత ఆశో! ఈ దెబ్బతో ఆమె మాట్లాడేస్తుందని అందరూ పని ఆపి మరీ నిలబడ్డారు.

అక్క చూసింది. వరసలోంచి ఒక స్పానరు తీసింది. అది తీసుకెళ్ళి కిటికీ గూట్లో పెట్టింది. బావగారు ఎప్పుడూ అక్కడే పడేసేవాడు, అది కనబడటం లేదని రోజూ ఇల్లంతా వెతికేవాడు. తర్వాత వెళ్ళి నడిమి గోడకి వీపు ఆనించి కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

మేస్త్రి గోడకి గుండు దారం వేలాడదీసి చూశాడు. దారం ఒక చోట, గోడ ఒక చోట ఉన్నాయి.

“వాలింది. అడుగున నాని మెత్తబడిపోయింది,” అన్నాడు దగ్గుకుంటూ. “రెండు కప్పులూ దీని భుజాల మీదే ఉన్నాయి. ఇది కూర్చుందంటే రెండిళ్ళూ కూర్చుంటాయి.”

“ఇవాళ్టికి దన్ను పెడదాం. రేపు పొద్దున్నే కప్పు కింద కర్రలు నిలబెట్టి దీన్ని తీసేద్దాం. ఎల్లుండి మా బండి ఊరికి తిరిగి వెళ్ళేలోగా కొత్తది కట్టేస్తాం, ఇటుక తెచ్చాం,” అన్నాడు కండక్టరు. “సిమెంటు ఇటుక చెల్లెమ్మా. కప్పు దాకా సందు లేకుండా కట్టేస్తాం. ఇక అటు మాట ఇటు వినబడదు. ఎవరి గుట్టు వాళ్ళకి!”

మాకేదో వరం ఇస్తున్నట్టు చెప్పాడు పాపం. నేను పైన ఖాళీకేసి చూశాను.

“కాకపోతే రెండిళ్ళ వాళ్ళూ నోటితో సరే అనాలి,” అన్నాడు మళ్ళీ. “ఒక ఊళ్ళో అడక్కుండా ఇలాగే ఒక గోడ తీసేశాం. ఆ ముసలాయన వచ్చి మట్టికుప్ప మీద పడి ఏడ్చాడు. అప్పట్నుంచీ సరే అని వినందే గునపం పట్టం.”

మా ఆయన సరేనన్నాడు. అందరూ అక్క వైపు చూశారు.

“ఏమంటావమ్మా? తల ఊపినా చాలు.”

ఆమె ఊపలేదు.

“నువ్వు చెప్పు వదినకి,” అని మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. “అస్తమానం గోడలు పడతాయి, కప్పులు పడతాయి అని ప్రాణం తీస్తావు కదా. ఇప్పుడు నిజంగా పడబోతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?”

ఏం పెట్టుకున్నానో చెప్పలేకపోయాను. భయం ఉంది, ఆ గోడంత ఉంది. చెబితే అవుతుందేమోనని ఒకవైపు. ఇంకోవైపు, పైన కనబడుతున్న ఆ జానెడు ఖాళీ. అది పూడితే ఆమె ఇక ఎప్పటికీ పలకదని నా మనసుకి ఎందుకో గట్టిగా తోచింది.

వాళ్ళు మాత్రం ఎంతసేపని నిలబడతారు? దుంగలు తెచ్చి రెండువైపులా దన్ను పెట్టారు. “పొద్దున్నే వచ్చి అడుగుతాం. కాదంటే అవతలి వీధిలో ఇంకో ఇల్లుంది, అటు పోతాం,” అన్నాడు కండక్టరు. మేస్త్రి వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. “అమ్మా, ఈ దన్ను కాసేపు ఆగడానికే. దీన్ని నమ్ముకుని దీని కింద కాపురం చెయ్యకండి.”

అక్క చాప తెచ్చి ఆ గోడ మొదట్లోనే పరుచుకుంది.

“పెద్దమ్మా, బడికి పోదాం రా,” అని మా అమ్మాయి బతిమాలింది, చెయ్యి పట్టుకుంది. అక్క చెయ్యి విడిపించుకుని అటు తిరిగి పడుకుంది.

పిల్లనీ మా ఆయన్నీ బడికి పంపేశాను. “నువ్వో?” అంది అమ్మాయి. “నువ్వు ఈ గోడ పక్కన ఉంటావా? నువ్వు?” తలుపు దగ్గరికి వేశాను. మా గదిలో ఏమీ మిగల్లేదు, ఒక పీట తప్ప. గోడ పక్కన దాని మీద కూర్చున్నాను. కిటికీలోంచి సాయంకాలపు వెలుగు ఇంకా వస్తోంది. గోడ లోపల ఎక్కడో మట్టి పొడి జలజలమని రాలుతోంది. ఆగుతోంది. మళ్ళీ రాలుతోంది.

అటువైపు ఉన్నది ఆమె తల.

“అక్కా,” అన్నాను. “ఈ గోడ పడుతుందేమోనే.”

అవతల చప్పుడు లేదు.

ఒకటి దాటాక మిగతావి ఆగలేదు. “పిల్ల కాళ్ళకి ఆ బూట్లు పెద్దవక్కా, జారిపడి ఏ మేకు మీదో పడుతుంది. వీళ్ళు బావి నీళ్ళు కాచకుండా తాగుతున్నారు, ఏ రోగం తగులుతుందో. ఆ మేస్త్రి దగ్గు నాకు నచ్చలేదు. నువ్వు సరిగా తినడం లేదు, పెట్టినదాంట్లో సగం గిన్నెలోనే ఉంటోంది, నేను చూస్తున్నాను. నీ కిటికీ రెక్కకి ఒక్క బందే మిగిలింది, గాలి వేస్తే నీ మీదే పడుతుంది. ఇవన్నీ అంటే అవుతాయో, అనకపోతే అవుతాయో నాకు తెలీదే. అందుకని మింగేశాను. మింగుతుంటే ఊపిరాడటం లేదు. నువ్వు నన్ను తిట్టుకుంటున్నావేమో. అనీ అనీ తెచ్చిందనో, ఉత్తినే అరిచీ అరిచీ అసలు రోజు వినబడకుండా చేసిందనో. ఏదైనా పైకి తిట్టు, పడతాను. కానీ ఆ గోడ కింద పడుకోకక్కా. ఇదొక్కటి విను. నీకు దండం పెడతాను, లే.”

ఆపేశాను. నా దగ్గర ఇంకేం లేదు.

మట్టి రాలింది. దూరంగా కండక్టరు తన వాళ్ళని పిలుచుకుంటూ రాత్రి బసకి బండెక్కిస్తున్నాడు. ఆ కేకలు కూడా సద్దుమణిగాయి. పైన ఖాళీలో ఎర్రగా ఉన్న వెలుగు బూడిద రంగుకి తిరిగింది. గోడకి చెవి ఆనించాను. నిద్రపోయిందనుకున్నాను. వెంటనే, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, ఊపిరి ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆ చాప మీద ఆమె ఎలా పడి ఉందో కూడా కళ్ళకి కట్టింది. అటు పరిగెత్తాలని లేచాను.

చాప కదిలింది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

“మన రెండిళ్ళకీ భయపడటానికి నువ్వొక్కదానివి చాలనుకున్నానే,” అంది అక్క. వాడక బిగుసుకుపోయిన తలుపు తీసినట్టుంది ఆ గొంతు. “చాల్లేదు. నేనూ కాస్త భయపడాల్సింది.”

నేను మళ్ళీ పీట మీద కూర్చుని ఏడ్చేశాను.

“లేచాలే. అవతలికి జరిగాను, ఇక ఏడవకు. పొద్దున్నే పడగొట్టమను,” అంది. మళ్ళీ అంది, “కొత్తది పైదాకా కట్టద్దని చెప్పు ఆ మేస్త్రికి. జానెడు ఖాళీ వదలమను. లేకపోతే నీ వాగుడంతా ఎటు పోతుందే?”