ఎర్ర కాగితం మీద సలోమి కొలతలు

నేను ఒక ఎర్ర కాగితాన్ని. క్రిస్మస్ బహుమానాలకు చుట్టే రకం. ముందువైపు బంగారు గంటలు, వెనకవైపు ఉత్త తెలుపు. గంటలు చూసి ముచ్చటపడే నన్ను కొన్నారు; తీరా నా బతుకంతా ఆ వెనకవైపు తెలుపుతోనే గడిచింది. మనుషులకు దేన్ని దేనికి వాడాలో ఒక పద్ధతంటూ లేదు లెండి.

తెనాలిలో ఫ్యాన్సీ షాపు నుంచి నన్ను తెచ్చింది సలోమి. ఆమె తల్లి దీవెనమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. సలోమి అత్తవారిల్లూ ఆ వీధిలోనే. ఆ డిసెంబర్లో సండేస్కూలు పిల్లల బహుమానాలకు కాగితాలు చుట్టాక, మిగిలిన ముక్క ఒక్కటి పారేస్తే ఒట్టు, మహాతల్లి! చిన్నవి మూడు మూలలుగా కత్తిరించి, దారానికి అంటించి గుమ్మానికి తోరణం కట్టింది. సన్నటివి గొలుసులు చేసింది. బొత్తాల డబ్బాకి ఒకటి చుట్టింది, కానుకల కవర్లు నాలుగు మడిచింది. అన్నిటికన్నా పెద్ద ముక్కను నేను.

"అమ్మా, దీని మీద నా కటింగు గీసిపెట్టుకో. ప్రతిసారీ కొలతకు ఆది జాకెట్టు తెమ్మని నా ప్రాణం తీయకుండా ఉంటావు" అంది.

దీవెనమ్మ నవ్వుతూ గీసింది. ఛాతీ ముప్ఫై నాలుగు, పొడుగు పద్నాలుగు. ముందు భాగం, వెనక భాగం, చేతులు. తెల్లవైపు పెన్సిలుతో 'సలోమి' అని పెద్దగా రాసి, గీతల వెంబడి నన్ను కత్తిరించి, ముక్కలన్నీ కలిపి పిన్నీసు గుచ్చి గోడకు తగిలించింది.

ఫిబ్రవరిలో సలోమి జ్వరంతో పోయింది. నాలుగంటే నాలుగు రోజులు. పెట్టెలో పడుకోబెట్టే ముందు తెల్ల జాకెట్టు తొడగాలన్నారు. దీవెనమ్మ ఎవర్నీ మిషను ముట్టుకోనివ్వలేదు. నన్ను తెల్లగుడ్డ మీద పరిచి తనే కత్తిరించింది, తనే కుట్టింది. కొలత తప్పలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ వణుకు.

సలోమి చీరలూ జాకెట్లూ అత్తవారు ఎవరెవరికో పంచేశారు. ఫోటోలో ముఖం మిగిలింది. ఒళ్లు మాత్రం నా దగ్గర మిగిలింది. మధ్యాహ్నాలు మిషను ఆపి దీవెనమ్మ నన్ను బల్ల మీద పరిచేది: వీపు కింద, ఎద పైన, చేతులు పక్కన. "అన్నం తిన్నావా అమ్మా?" అనేది. నేనేం చెప్తాను, కాగితాన్ని! ఫ్యాన్ గాలికి నా చెయ్యి పైకి లేచేది. ఆవిడ ఉలిక్కిపడి దాన్ని అరచేత్తో పట్టుకునేది. మనుషులు దయ్యాలంటే చింతచెట్టు వైపు కూడా పోరు. ఈవిడ మాత్రం పిన్నీసు పెట్టి మరీ ఇంట్లో వేలాడదీసుకుంది. నా మీద ఇంకెవరికీ గుడ్డ కత్తిరించనని ఒట్టు కూడా పెట్టుకుంది.

రెండేళ్లకు అల్లుడు కెజియా అనే పిల్లను చేసుకున్నాడు. పండగకు వారం ముందు ఆ కెజియా నీలం గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నాక్కూడా ఒకటి కుట్టిపెడతారా?"

"ఆది తెచ్చావా?"

"లేదమ్మా. మీరే కొలత తీసుకుంటారని..."

టేపు దీవెనమ్మ మెడలోనే ఉంది. తీయలేదు. కూతురి చోట నిలబడ్డదాన్ని ముట్టుకోవాలంటే ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "అక్కడ పెట్టి పో. ఎల్లుండి రా" అంది.

పిల్ల అటు వెళ్లగానే నన్ను గోడ మీంచి లాగి నీలం గుడ్డ మీద పరిచింది. ఒట్టు ఏమైందో ఆవిడనే అడగాలి. "దాని చోటే కావాలిగా నీకు? తొడుక్కో, చూద్దాం. చంకలు పిగిలిపోవాల!" అని పళ్లు కొరుకుతూ నా అంచు వెంబడే కత్తెర నడిపింది. నేను భయంతో బిగుసుకుపోయాను.

కెజియా చెప్పినరోజే వచ్చింది. తెర చాటుకు వెళ్లి తొడుక్కుంటుంటే దీవెనమ్మ చిరిగే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఏ చప్పుడూ లేదు. పిల్ల బయటికొచ్చింది. మళ్లీ గోడకెక్కిన నా ఎదురుగా నిలబడి, "వెనక సరిగ్గా ఉందా అమ్మా?" అంది. అలా అంటూనే నా మీది పేరు చదివింది. కొలతలూ చదివింది. ఎవరి కొలతకు కుట్టిన జాకెట్టు తొడుక్కుందో ఆమెకు తెలిసిపోయింది.

వీపు మీద ఒక్క ముడత లేదు. ఊళ్లో ముప్ఫై నాలుగు ఛాతీ ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో దీవెనమ్మకు తెలియక కాదు. తెలిసి ఏం లాభం? ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"సలోమీ" అంది.

కెజియా భుజాలు బిగుసుకున్నాయి. ఆ పేరు నాది కాదని గిర్రున తిరిగి చెప్పొచ్చు. కోప్పడొచ్చు. ఎవరూ తప్పుపట్టరు.

"ఆఁ, అమ్మా" అంది.

దీవెనమ్మ లేచి వచ్చి ఆ వీపు మీద అరచెయ్యి ఆనించింది. రెండేళ్లుగా ఆ చేతికి కాగితమే తగిలింది పాపం. వెచ్చటి ఒళ్లు తగిలేసరికి బావురుమంది.

"తిరగనా అమ్మా?"

"వొద్దు తల్లీ. ఇంకాసేపు."

పిల్ల తిరగలేదు. దీవెనమ్మ చూసింది వీపునే. కెజియా ముఖం నేనొక్కదాన్నే చూశాను.