రాయికి కాళ్లొస్తాయా

రాత్రంతా కురిసిన ఆకాశం తెల్లారేసరికి అలిసిపోయి, తడిసిన గోనెపట్టాలా వీధి మీదికి వేలాడుతోంది. ఆ మసక వెలుతురులోనే ఆమె స్టాండు మూడు కాళ్లనూ బురదలో తొక్కి, పైన ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం బిగించి, అందులోని బుడగ మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పుతోంది. కొత్తగా కట్టిన మురుగు కాలువలో నీళ్లు దిగువకు పోవడం లేదు. ఎగువ ఇళ్ల గుమ్మాలు నాకుతున్నాయి. చీపుళ్లతో నీళ్లు తోస్తున్న ఆడవాళ్లు ఆమెను చూసి మాటలాపేశారు. ఒక ముసలావిడ మాత్రం, నీళ్లను కొండెక్కించే చదువు ఎక్కడ చెప్తారని అడిగింది. ఆమె దవడ బిగించి యంత్రంలోకి కన్ను పెట్టింది.

చదివింది యూనివర్సిటీలో, జియోమాటిక్స్. నేలను కొలిచి, ఆ కొలతను మ్యాపుగానో లెక్కగానో మార్చే చదువు. ఆ పేరుకు చుట్టాలెవరికీ నోరు తిరగలేదు. పిన్ని 'ఆటోమాటిక్ కోర్సు' అనేది. మేనమామ ఎదురుపడినప్పుడల్లా బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పమనేవాడు. తోటివాళ్లలో ఒకడు డ్రోన్లు ఎగరేస్తున్నాడు. ఒకతె సముద్రపు అడుగు కొలిచే ఓడ మీద ఉంది. మిగతావాళ్లు చల్లటి గదుల్లో కూర్చుని ఉపగ్రహాలు పంపిన బొమ్మల మీద గీతలు గీస్తున్నారు. ఈమె మట్టినే కోరుకుంది. ఇంట్లో ఆ చదువుకు వత్తాసు పలికింది అక్క మొగుడొక్కడే. తాపీ మేస్త్రీ. మనుషుల పనికి వంకలు పెట్టేవాళ్లు బోలెడుమంది గానీ, భూమికే వంక పెట్టగలిగేది తన మరదలేనని కనిపించినవాడికల్లా చెప్పుకునేవాడు. ఈ కాలువ పనిలో అతన్ని పెట్టించింది ఆమే.

కాలువ ఎత్తులన్నిటికీ ఆధారం బడి మెట్టు రాతి మీది ఎర్ర గుర్తు. దాన్ని బెంచిమార్కు అంటారు. దాని ఎత్తు ఎంతో ముందే తెలుసు. అక్కణ్ణించి చూసి కాలువ అడుగు ఎంత లోతులో ఉండాలో చెప్తారు. దిగువ సగం వేసవిలో తవ్వారు, ఎగువ సగం ఈమధ్యే. ఈ రోజు ఆమె ఆ గుర్తును పక్కనబెట్టి, దూరంగా వంతెన మీదున్న రెండో గుర్తు నుంచి మొదలుపెట్టింది. కొలకర్ర పట్టుకునే సన్నటి పొడుగు మనిషిని అందరూ గెడ అంటారు. గెడ ముందు, యంత్రం మోసుకుంటూ ఆమె వెనక, బడి దాకా వచ్చారు. మెట్టు మీద కర్ర నిలబెట్టించి చూసింది. ఉండాల్సిన ఎత్తుకు నాలుగు వేళ్లు కిందకుంది. మళ్లీ చూసింది. అంతే.

వెళ్లి మెట్టు ముందు కూర్చుంది. ఎర్ర గుర్తు చెక్కుచెదరలేదు. రాయి చుట్టూ సిమెంటు మాత్రం కొత్తది, అంచున బొటనవేలి నొక్కుతో. ఆ పూత ఎవరిదో ఆమెకు తెలుసు. ఇంట్లో బావ కట్టిన వంటగట్టు అంచునా అదే నొక్కు.

పిలిస్తే బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ రాయి తీశావా?"

"దిగువ పని అయ్యాక, ఊగుతోంది, పిల్లలు పడతారని బడివాళ్లు అడిగారు. కింద మట్టి చెక్కి గట్టిగా కూర్చోబెట్టా." నవ్వాడు. "నీ గుర్తు చెరక్కుండా గుడ్డ కట్టి మరీ చేశానే. రసమట్టం పెట్టి చూశా, ఇటు అటు లేదు."

"రంగు కాదు బావా నాకు కావాల్సింది. ఎత్తు. రాయి ఎంత దిగిందో, దాన్ని చూసి తవ్విన ఎగువ కాలువా అంతే దిగింది."

నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది, తియ్యడం మరిచిపోయినట్టు.

అతని మీద కోపమొచ్చింది. తన మీద అంతకంటే ఎక్కువొచ్చింది. ఒక్క గుర్తును నమ్మి దిగొద్దని మొదటి ఏడాదే నేర్పారు. ఎగువ సగం మొదలుపెట్టేముందు వంతెన గుర్తుతో సరిచూస్తానని ఆమె అంది కూడా. పూటంతా దానికే పోతుందని ఈ పనికంతా పైనున్న పెద్దసారు వద్దన్నాడు. రాయికి కాళ్లొస్తాయా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గొంతులో చేపముల్లులా గుచ్చుతోంది.

రేకుల గదిలో పెద్దసారు అంతా విని, లేచి తలుపు వేశాడు. మధ్యాహ్నం పురపాలక అధికారి వస్తున్నాడు.

"మేస్త్రీ రాయి కదిపాడని చెప్పు, చాలు. నువ్వూ ఉంటావు, నేనూ ఉంటాను. తాపీ పట్టినవాడికి ఎక్కడైనా ఓ గోడ దొరుకుతుంది."

"ఆయన మా బావ."

"అందుకే. నీ నోటితో చెప్తే నమ్ముతారు."

అధికారి వచ్చి, బూట్లు తడవకుండా చెక్క మీద నిలబడి, తప్పెవరిదని అడిగాడు. గుమ్మాల్లో ఆడవాళ్లు వింటున్నారు. బావ ఇసక కుప్ప పక్కన తల వంచుకుని ఉన్నాడు.

"రాయి కదిపింది మేస్త్రీ. సరిచూసుకోకుండా కొలిచింది నేను. సరిచూస్తానంటే వద్దన్నది ఈయన," అందామె.  

ముగ్గురి మీదా పడితే బరువు ముగ్గురికీ పంపకమవుతుందనుకుంది. అధికారీ పెద్దసారూ కారు దాకా నడిచారు. కాసేపు మాట్లాడుకున్నారు. అధికారి అటే వెళ్లిపోయాడు. తిరిగొచ్చిన పెద్దసారు, ఆమె, మేస్త్రీ ఇద్దరూ రేపట్నించి రానక్కర్లేదని, వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మరి మీరు?"

ఆయన ఫోను చెవిన పెట్టుకున్నాడు.

ఆమె యంత్రం అద్దం తుడిచి పెట్టెలో పెట్టింది. స్టాండు కాళ్లకంటిన బురద మాత్రం తుడవలేదు. గెడ పెట్టె అందుకుంటూ మెల్లగా, "అబద్ధం చెప్తే ఒక్కడే పోయేవాడు కదమ్మా," అన్నాడు. ఆమె చూసిన చూపుకు పెట్టె ఎత్తుకుని ముందుకు నడిచాడు. చుట్టూ చూస్తే బావ లేడు. పొద్దున ఇద్దరూ కలిసొచ్చిన బండీ లేదు.

నడిచి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అక్కకు సంగతి తెలిసిపోయినట్టే ఉంది. మూడు కంచాలు వేసింది. బావ గోడవైపు కూర్చున్నాడు. తిడతాడేమోనని చూసింది. తిడితే తనూ నాలుగు అనొచ్చు. అతన్నీ, పెద్దసారునీ, ఆ వీధినీ, తన చదువునీ కలిపి. అతను తిట్టలేదు. కూర గిన్నె ఆమె వైపు జరిపాడు. కోపంతో ముద్ద దిగడం లేదు. అయినా తింది. ముగ్గురూ తిన్నారు. 

తింటూనే అక్క ఒకసారి బండి తాళం పక్కకి చూసింది, ఒకసారి చెల్లెలు సంచీ తగిలించే మేకు వైపు చూసింది.  పొద్దున ఇద్దరికీ కలిపి కట్టిచ్చిన అన్నం క్యారియరు, అతను తెస్తాడని ఆమె, ఆమె తెస్తుందని అతను అనుకుని, మూతైనా తియ్యకుండా అక్కడే కాలువ గట్టు మీద ఉండిపోయింది.