వంగితే అందని ఊపిరి

గచ్చు తుడవడానికి వంగిన మందాకిని రెండో గది దాటలేకపోయింది. గోడ పట్టుకుని లేచి నిలబడితే కాసేపటికి ఊపిరి సర్దుకుంది. అదే ఆమెకు చేటయింది. నిలబడితే బాగానే ఉంటుంది. వంగితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. మూడు నెలలుగా గోడకు చేరగిలబడి కూర్చునే కునుకు తీస్తోంది.

"పని దగ్గర వంగితే ఆయాసం, మొగుడి పక్కన పడుకుంటే ఆయాసం. గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం ఏమీ ఉండదు. భలే తెలివైన జబ్బమ్మా!" అనేది అత్త సరోజాబాయి. భర్త శశికాంత్ నవ్వేవాడు. సాంగ్లీలో ఇద్దరు డాక్టర్లు గుండె బాగుందన్నారు, మనసులో ఏదో బెంగ ఉందన్నారు. ఆ మాట ఇల్లు చేరేసరికి నాటకమైంది.

ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది. నిజంగానే పని తప్పించుకోవాలని నా ఒళ్ళు నాకు తెలియకుండా అబద్ధమాడుతోందా? జ్వరంతో జొన్నరొట్టెలు, భాకరీలు తట్టింది. కాన్పయిన పన్నెండో రోజున నీళ్ళు మోసింది. అప్పుడు ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు, నాటకమనీ అనలేదు. పని సాగినన్నాళ్ళూ ఆమె ఒంటి సంగతి ఎవరికీ పట్టలేదు. పని ఆగాకే అందరి కళ్ళూ దానిమీద పడ్డాయి.

చివరికి మిరజ్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు శశికాంత్. అక్కడి డాక్టరు, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేర్పించమని ఆమెను ఫిజియోథెరపీ చేసే ఉజ్వల దగ్గరికి పంపాడు. ఉజ్వల ఆమెను బల్లమీద పడుకోబెట్టి, పొట్టమీద చెయ్యి వేసింది.

"ఒక్క నిమిషం ఓర్చుకోండి తాయీ. గట్టిగా పీల్చండి."

ఛాతీ లేచింది. పొట్ట లోపలికి పోయింది. ఉజ్వల మరోసారి పీల్చమంది, మళ్ళీ అంతే. వెంటనే ఆమెను లేపి కూర్చోబెట్టింది.

"పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి. మీది లోపలికి పోతోంది. ఇది మొదలవక ముందు భుజాలేమైనా నొప్పెట్టాయా?"

"వారం రోజులు పీకేశాయి. చెబితే, బట్టలు పిండితే ఎవరికైనా పీకుతాయన్నారు."

ఉజ్వల స్టూలు దగ్గరికి లాక్కుంది. "ఊపిరితిత్తులు వాటంతట అవి గాలి లాగలేవు తాయీ. వాటి కింద గొడుగులా ఒక కండరం ఉంటుంది. అది కిందికి దిగితే ఛాతీలో చోటు పెరుగుతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి లోపలికొస్తుంది. ఆ కండరం వదులైతే గాలి బయటికి పోతుంది. మీ కండరానికి సత్తువ పోయినట్టుంది. నిలబడితే పొట్టలోని బరువు కిందికి జారి కాస్త వీలిస్తుంది. వంగినా, పడుకున్నా ఆ బరువే దాన్ని పైకి తోసేస్తుంది. ఇన్నాళ్ళూ మెడ కండరాలతో, పక్కటెముకల కండరాలతో ఈడ్చుకొస్తున్నారు."

"అంటే... నేను నటించడం లేదా?"

"ఎవరన్నారా మాట?"

మందాకిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

మధ్యాహ్నం పరీక్షలు ఆ మాటే తేల్చాయి. పడుకున్నప్పుడు ఆమె పీల్చే గాలి సగానికి పడిపోతోంది. డాక్టరు శశికాంత్‌ను పిలిచాడు. "భుజాలు పీకిన ఆ వారంలోనే ఊపిరి కండరాన్ని ఆడించే నరాలు దెబ్బతిన్నాయి. కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు. నిద్రలో ఊపిరికి సాయం చేసే మిషన్ కావాలి. అది అలవాటయ్యేదాకా నాలుగు రోజులు ఇక్కడే ఉంచండి. వంగే పనులు చెప్పకండి."

వరండాలోకి వచ్చాక శశికాంత్ మొహం చిన్నబోయింది. ఆసుపత్రిలో చేర్చడానికి సంతకం పెట్టమని నర్సు తెచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఆదివారం మా అక్కావాళ్ళొస్తున్నారు కదా. వాళ్ళు వెళ్ళాక సోమవారం వచ్చి చేరుదువుగానిలే," అన్నాడు. నిజంగానే నొచ్చుకుంటూ, "ఇంత ఉందని ముందే చెప్పొద్దూ?" అన్నాడు.

మందాకిని అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. నర్సునడిగి పెన్ను అందుకుని, అతని పేరు రాయడానికి వదిలిన చోట తన పేరు రాసి సంతకం పెట్టింది.

"రోజూ చెప్పాను," అంది. "ఇవాళ చెప్పడం లేదు, చేరుతున్నాను."