మగ్గం గుంట మీద చెక్క నేల

ముందే చెబుతున్నాను, మగ్గం గుంట పూడ్చే ముందు మా మామను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ సరేనన్నాడు. ఈ మాట మా వీధిలో ఒక్కరూ నమ్మడం లేదు.

మాది ఎమ్మిగనూరు. మా మామ శేషప్ప మా ముందుగదిలో నలభై ఏళ్ళు చీరలు నేశాడు. గుంట మగ్గం అంటే నేలలో రెండడుగులు తవ్విన గుంట. నేసే మనిషి దాని గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి చెక్కలు తొక్కుతాడు. మామకు చూపు మందగించాక ఆరేళ్ళ కిందట మగ్గం విప్పి అమ్మేశాం. గుంట మాత్రం నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది.

నేను ఆ గదిలోనే జాకెట్లు కుడతాను. పాత బండల సందుల్లో నా హుక్కులు, సూదులు ఎన్ని పోయాయో దేవుడికే తెలియాలి. కొలతలిచ్చే ఆడవాళ్ళు వెనక్కి ఒక అడుగు వేస్తే చాలు, గుంటలో పడతారేమోనని నా ప్రాణం పోయేది. ఆదోనిలో మా చెల్లెలు దీప ఇంట్లో చెక్క పలకలు పరిచిన లామినేట్ నేల చూసి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే నునుపు, సూది దాక్కునే సందు లేదు. పదకొండేళ్ళు మిషన్ తొక్కినదాన్ని, ఒక్క మంచి గది కోరుకోవడం తప్పా?

దీప ఇంట్లో ఆ నేల వేసిన మున్వర్‌నే ఆదోని నుంచి పిలిపించాను. అతను గదంతా చూసి గుంట దగ్గర ఆగాడు.

"అక్కా, ఇది పూడ్సకుండా నేను ఒక్క పలక గూడా ఎయ్యను."

అప్పుడు మామను మొదటిసారి అడిగాను. "పూడ్సండమ్మా, మగ్గమే లేదు, గుంటెందుకు?" అన్నాడు. రెండోసారి మా ఆయన రాఘవేంద్రను పక్కన నిలబెట్టుకుని అడిగాను, రేపు సాక్ష్యం ఉంటుందని. మూడోసారి కంకర దించుతుండగా అడిగాను. "ఎన్నిసార్లు అడుగుతావమ్మా?" అని పార తీసుకుని ఆయనే నాలుగు పారల మట్టి వేశాడు.

ఆ తర్వాత నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. గుంట మీద పోసిన కాంక్రీటు ఆరడానికి రెండు వారాలు. పలకల పెట్టెలు వస్తే, గది గాలికి అలవాటు పడాలని రెండు రోజులు విప్పకుండా ఉంచమన్నాడు మున్వర్. ఆ పెట్టెల మీద మా ఆయన చాప వేసుకుని పడుకున్నాడు. పలకలు కోసే మిషన్ ఆన్ చేసినప్పుడల్లా కరెంటు పోయేది. అంతా అయ్యాక చూస్తే నేల పైకి లేచి తలుపు పడటం లేదు. తలుపు ఊడదీసి అడుగు చెక్కించాల్సి వచ్చింది. ఎట్లాగో పని ముగిసింది. గది మెరిసిపోయింది. ఆ రోజు నేను అన్నం కూడా మరిచిపోయి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మామ కూడా ఆ రోజు సరిగ్గా తినలేదు. కింద కూర్చుంటే మోకాళ్ళు మడత పడటం లేదు. కాళ్ళు బారజాపితే నున్నటి నేల మీద లుంగీతో సహా జారిపోతున్నాడు. మరునాడే బల్ల, కుర్చీ తెప్పించాను. ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చున్న మనిషిలా కూర్చుని, రెండు ముద్దలు తిని, ఆకలి లేదని లేచాడు. నాలుగో రోజు పళ్ళెం చేతిలోకి తీసుకుని పైన తువ్వాలు కప్పాడు.

"కాశప్ప దగ్గర మాట్లాడుకుంటా తింటాలే."

కాశప్ప ఆయన ఈడువాడు, వెనక వీధిలో ఇంకా మగ్గం నేస్తున్నాడు. స్నేహితులు కదా, పోనీలే అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు. ఒక ముసలాయన రోజూ పళ్ళెం పట్టుకుని వీధి వెంట పోతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో నాకు తట్టలేదు.

వారం తర్వాత ఎదురింటి నాగవేణి జాకెట్టు కొలతలకు వచ్చింది. కొత్త నేల మీద అటూ ఇటూ నడిచి చూసి, తీరిగ్గా అంది.

"నేల అద్దం మాదిరి ఉంది అరుణా. మీ మామకు మాత్రం కూడు ఊర్లో దొరకాల్సి వచ్చె. పైన పటారం, లోన లొటారం అంటాండారు జనాలు."

తల కొట్టేసినట్టయింది. తెల్లవారుజామున లేచి రొట్టెలు కొట్టేది నేను, ఆయన పళ్ళెం కడిగేది నేను. అరికాలి మంట నెత్తికెక్కి, ఆమె కొలతలు సగంలో వదిలేసి, మెడలో టేపు అట్లాగే ఉండగా వెనక వీధికి నడిచాను.

కాశప్ప ఇంట్లో మగ్గం ఆగి ఉంది. కాశప్ప పక్కకు జరిగి మంచం మీద కూర్చున్నాడు. మా మామ మగ్గం గట్టు మీద ఉన్నాడు. కాళ్ళు గుంటలో, వీపు నిటారుగా, కుడి తొడ పక్కన నేల మీద పళ్ళెం. నా జొన్నరొట్టె, నా పుండికూర పప్పు. మా ఇంట్లో రెండు ముద్దలకు లేచే మనిషి పళ్ళెం తుడిచి తుడిచి తింటున్నాడు.

"మామా, నేను నీకు అన్నం పెట్టడం లేదని ఊరంతా అంటాండారు. తెల్సునా నీకు?"

"నువ్వు పెట్టిందే గదమ్మా తింటాండేది."

"అదేదో మనింట్లో తింటే ఏం పోయింది?"

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "కాళ్ళు యాడ పెట్టుకోవల్లో తెలీలేదమ్మా."

"పూడ్చేముందు మూడుసార్లు అడిగితిని గదా."

"అడిగినావు. నీ తప్పేం లేదు. మగ్గం లేదు గదా, గుంటెందుకని నేనే అంటిని. నేను కూర్చునేది ఆడేనని నాకు గూడా గుర్తు లేదు. తిందామని పోతే లేదు."

నాకు కోపం, సిగ్గు ఒకేసారి వచ్చాయి. మగ్గం అమ్మాక ఆరేళ్ళు ఆ గుంట గట్టు మీదే ఆయనకు అన్నం పెట్టాను. రోజుకు రెండుసార్లు వంగి వడ్డించాను. ముసలాయన మొండితనం, తన జాగా వదలడు అని విసుక్కున్నానే తప్ప, ఆయన కాళ్ళు ఎక్కడున్నాయో ఒక్కనాడూ చూడలేదు.

"తిననీలేమ్మా," అన్నాడు కాశప్ప. "ఇది గూడా ఇంకొక నెల. మగ్గం తీసేసి టైల్సు ఏపిస్తానంటాండాడు మావోడు."

మామ కాశప్ప వైపు చూశాడు. ఆ మాట ఆయన కూడా అప్పుడే విన్నట్టుంది. కాశప్ప మాత్రం తన మోకాలు రుద్దుకుంటూ తల వంచుకున్నాడు. నేను అక్కడే నిలబడి మున్వర్‌కు ఫోన్ చేశాను.

"అక్కా, వేసి పక్షం గూడా కాలేదు," అన్నాడు. "పలకలు కోస్తే గ్యారంటీ పోతాది. కాంక్రీటు పగలగొట్టల్ల."

"పోతే పోనీ. పగలగొట్టు."

"ముందే సెప్పింటే సుట్టూరా వేసి వదిలేసిండేవాణ్ణి గదా."

"నాకు ముందు తెలీలేదు మున్వర్. ఇప్పుడు తెల్సింది. ఎంత పొడవు, ఎంత లోతు తీయల్లో సెప్తా, రాసుకో."

ఫోన్ చెవికి, భుజానికి మధ్య నొక్కిపెట్టి మగ్గం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడలో టేపు తీసి మామ మోకాలి మడత దగ్గర పెట్టి, గుంటలోకి వంగి పాదం దాకా కొలిచాను. పదిహేడు అంగుళాలు. ఆయన కాలు కదలకుండా పట్టుకున్నాడు.

"పదిహేడా అక్కా?" అన్నాడు మున్వర్.

"ఉండు," అని కాశప్ప వైపు తిరిగాను. "మామా, నువ్వు గూడా వచ్చి ఈడ కూర్చో. నీ కాలు చూడల్ల."