మసి ఎక్కడ చేరింది?

2008లో నాగమల్లేశ్వరి బాపట్లలో ఎం.టెక్. చదువుతోంది. డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరులో ఒత్తిడి ఎలా పెరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె ప్రాజెక్టు. ఆమె లెక్కలో ఒత్తిడి మొదటినుంచీ నెమ్మదిగానే పెరిగేది. ప్రయోగంలో మాత్రం మొదట గబగబా పెరిగి, తర్వాత నెమ్మదించేది. రెండు నెలలైనా రెండూ కలవలేదు.

ఒక ఆదివారం రేపల్లె దగ్గర తమ ఇంటికి వెళ్లింది. తండ్రి సింగరయ్య పడవ ఇంజనుకు పోసే డీజిల్‌ను గుడ్డతో వడగడుతున్నాడు.

"కొత్త గుడ్డేగా నాన్నా, అప్పుడే దిగడం తగ్గిందేంటి?"

"ముందు నలుసులు గుడ్డ సందుల్లో దూరతాయమ్మా. ఆ సందులు పూడినాకే పైన పేరుకుంటాయి."

ఆమె ఉలిక్కిపడింది. తన లెక్కలో మసి మొదటి క్షణం నుంచీ ఫిల్టరు గోడపైనే పేరుకుంటోంది! గోడలోని సన్నని రంధ్రాలు ముందుగా పూడే దశను చేర్చగానే గ్రాఫులో లెక్క గీత, ప్రయోగం గీత దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"ఎలా తట్టిందమ్మా?" అని అడిగారు గైడు ఉమామహేశ్వరరావు.

"మా నాన్న చెప్పారండి."

"అయితే కృతజ్ఞతల్లో ఆయన పేరు రాయాల్సిందే!"

అచ్చయిన ప్రాజెక్టు పుస్తకంలో తన పేరు చూసుకుని సింగరయ్య మురిసిపోయాడు.

"ఇంకోటి అచ్చేయించమ్మా. మీ అమ్మ చేపల మార్కెట్లో అందరికీ చూపిస్తదంట!"