మొవ్వు మీద మట్టి

మా ఆయన చచ్చిపోయాక కూడా జెర్బెరా పూల మొక్కలకు మట్టి ఎగదోయడం మానలేదు. వినేవాళ్లకు నాకు మతి పోయిందనిపిస్తుంది. అనిపిస్తే అనిపించనీ.

ఆయన ఊహ తెలిసినప్పటి నుంచీ బంగాళాదుంపలు పండించిన మనిషి. మొక్క కనబడితే చాలు, మొదట్లోకి మట్టి లాగి, అరచేత్తో చదును చేసి, చివర్లో బొటనవేలితో ఒక నొక్కు నొక్కేవాడు. జెర్బెరాకు అది పీక పిసకడమే. ఆకులూ మొగ్గలూ పుట్టుకొచ్చే మొవ్వు మట్టికి పైన, గాలి తగిలేలా ఉండాలి. పూడిస్తే కుళ్లుతుంది. మొత్తుకుని మొత్తుకుని నా నోరు నొప్పెట్టేది. ఆయన ఊఁ కొట్టేవాడు, మర్నాడు మళ్లీ ఎగదోసేవాడు. ఆ పోట్లాటలోనే మా కాపురం గడిచిపోయింది.

ఆయన పోయాక నేనూ మరిదీ కలిసి మిగిలిన మొక్కల్ని పెళ్లగించి, మొవ్వు పైకి తేలేలా మళ్లీ నాటాం. నీళ్లు పొద్దున్నే, ఆకు తడవకుండా మొదట్లోనే పోశాం. తెల్లదోమకు జిగురు పూసిన పసుపు అట్టలు కట్టాం. బూడిద తెగులు పట్టిన ఆకులు గిల్లేసి, మేం అద్దెకు తీసుకున్న పూల షెడ్డు తెరలు ఎత్తి గాలి ఆడనిచ్చాం. మొగ్గలు లేచాయి. ఈసారి కూడా పూలు రాకపోతే షెడ్డు ఖాళీ చేయమన్నాడు యజమాని. అది తప్ప మాకు వేరే ఆధారం లేదు.

ఒక పొద్దున తాళం తీసి చూస్తే మొదటి వరుస మొవ్వులన్నీ మట్టి కింద ఉన్నాయి. మరిది మీద విరుచుకుపడ్డాను. అతను వంగి, వేలు పెట్టి చూపించాడు. ప్రతి మొక్క దగ్గరా బొటనవేలి నొక్కు.

మట్టి తీసేశాం. మర్నాడు పక్క వరుసలో అదే పని. వేసిన తాళం వేసినట్టే ఉంది, తడి నేల మీద అడుగు జాడ కూడా లేదు. భయం వేసింది. నిజం చెప్పొద్దూ, భయం ఒక్కటే కాదు. తలుపు తీసేముందు జుట్టు సరిచేసుకోవడం మొదలుపెట్టాను. ఆ నొక్కులో నా బొటనవేలు పెట్టి చూసుకునేదాన్ని. చుట్టూ మట్టి చల్లగా ఉన్నా అక్కడ మాత్రం వెచ్చగా ఉండేది.

మొక్కలు మాత్రం కుళ్లుతున్నాయి. ఆకు పట్టుకుంటే మొవ్వుతో సహా చేతిలోకి ఊడొచ్చేది.

"అన్నయ్యకి నువ్వే చెప్పాలి వదినా," అన్నాడు మరిది, నా మొహం చూడకుండా.

చెబితే ఇక రాడేమోనని నా బెంగ. సగం వరుసలు పోయేదాకా నోరు మెదపలేదు. నేను నోరు మెదపకుండా ఉండటమంటే మాటలా?

చివరికి ఒక సాయంత్రం, తాళం వేయబోతూ గుమ్మంలో నిలబడ్డాను.

"ఏమయ్యా, అది దుంప కాదు, పువ్వు. మొవ్వు పూడ్చకు. మేం బతకాలి."

గాలి లేదు. అయినా లోపల తెర కదిలింది.

తెల్లారి చూస్తే ప్రతి మొవ్వు చుట్టూ మట్టిని వేలితో వెనక్కి లాగేసి ఉంది, శుభ్రంగా, ఒక్క మొక్కనూ వదలకుండా. ఆ తర్వాత ఏ పొద్దునా నొక్కు కనబడలేదు. పూలు విరగబూశాయి, షెడ్డు నిలిచింది. మరిది పొంగిపోయాడు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. బతికినన్నాళ్లూ ఒక్కసారి నా మాట విన్న పాపాన పోలేదు ఆ మనిషి. వినక వినక ఇప్పుడే వినాలా?