ఏ ఖాతా నుంచి?

"ఆ యాభై రూపాయలు ఎటెల్లిపోనాయే?" అన్నారు మా ఆయన, టీ గ్లాసు తీసుకెళ్లి నా లెక్కల పుస్తకం మీదే పెట్టి.

పదకొండేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం హిందీ మాట్లాడే ఈ రుఆబాంధాలో, మిల్లు వాళ్లిచ్చిన మా క్వార్టరు వరండాలో ఇదే తంతు. నేను నిలబడి చదవాలి, త్రినాథరావుగారు కూర్చుని వినాలి. పాలు, పేపరు, గ్యాసు, అత్తమ్మ బీపీ మాత్రలు, మా అమ్మాయి అమ్ము కోచింగు, ఇలా ఇరవై మూడు పద్దులు. ప్రతి నెలా అవే పేర్లు, దాదాపు అవే అంకెలు. మళ్లీ మొదట్నించీ రాయడం, మళ్లీ మొదట్నించీ సంజాయిషీ చెప్పుకోవడం. అంతా అయ్యాక ఇంటి ఖర్చుకని పన్నెండు వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టేవారు. "నేను మిల్లులో వేడికి మాడి తెస్తన్నాను. నీకేటి, నీడపట్టున కూకుని ఖర్చెట్టడమే!" అనేవారు. నీడపట్టునట! మే నెలలో ఈ రేకుల కింద కుట్టుమిషను ముందు ఒక్క పూట కూర్చోమనండి చూద్దాం. మిల్లు కాలనీ సెక్టార్ల ఆడవాళ్ల చీరలకి ఫాల్ కుట్టీ, పీకో చేసీ నా నడుం విరిగిపోతోంది. ఆయన దృష్టిలో అది టైంపాస్. మిషను మీద అంటించిన క్యూఆర్ కోడ్ కూడా ఆయన ఖాతాదే. వచ్చినవాళ్లు స్కాన్ చేసి "హో గయా దీదీ" అని వెళ్లిపోతారు, ఆ డబ్బు ఆయన ఫోనులో మోగుతుంది. ఇంట్లోదే కదా అనుకునేదాన్ని, మొద్దుమొహాన్ని. ఆటోకి ఇరవై కావాలన్నా మళ్లీ ఆయన్నే అడిగేదాన్ని.

ఆ యాభై దొరకలేదు. "దీనికి లెక్కలు రావు గానీ, లాప్‌టాప్‌లో ఏదో హిసాబ్ ప్రోగ్రాం ఉంటాదంట, ఎక్కించు. నేనే చూసుకుంటాను" అని ఆయన అమ్ముకి చెప్పి, తన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా ఇచ్చి డ్యూటీకి వెళ్లిపోయారు. పుణ్యాత్ముడు!

"మమ్మీ, ఏక్ బార్ డాల్ దో, బస్. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ప్రతి నెలా అదే రాసేసుకుంటాది" అంది అమ్ము. పాలు, పేపరు, కోచింగు లాంటి మారని పద్దులు తారీకు రాగానే వాటంతటవే పడిపోతాయి. కరెంటూ గ్యాసూ మారతాయి కాబట్టి ముందు నన్ను అడిగి, అంకె వేశాకే ఎక్కుతాయి. పూటంతా పట్టే పని ఇక రెండు నిమిషాలు! పదకొండేళ్లు ఒకే పాఠాన్ని ఇంపోజిషన్ రాశానని తలుచుకుని పగలబడి నవ్వాను.

కానీ ఆ ప్రోగ్రాంకి ఒక పట్టుదల ఉంది. ఏ ఖాతా నుంచి అన్న గడి నింపందే ఏ పద్దూ ఒప్పుకోదు. ఇంటి ఖర్చు పన్నెండు వేల దగ్గర "పప్పా ఖాతా" అని కొట్టింది అమ్ము. స్టేట్‌మెంటు ఎక్కించి, "మమ్మీ, యే సబ్ క్యా హై? ఇవన్నీ ఏటి?" అంది. జీతం కింద వరసగా అరవై, ఎనభై, నూట ఇరవై. అన్నీ నా ఫాల్-పీకో డబ్బులే. పోయిన నెలకి కూడితే ఎనిమిది వేల నాలుగు వందలు. పన్నెండులోంచి తీసేస్తే, ఆయన జీతంలోంచి ఇంటికి ఇచ్చింది మూడు వేల ఆరు వందలు! లెక్కలు రానిదాన్ని కదా, మూడుసార్లు చూసుకున్నాను. మొదట సిగ్గేసింది. తర్వాత ఒళ్లు మండింది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, భలే సంతోషమేసింది. మర్నాడే బ్యాంకుకి వెళ్లి, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకని భాగ్యరేఖ అనే నా పేరున తెరిచిన ఖాతాకి క్యూఆర్ కోడ్ తెచ్చుకున్నాను.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. ఈసారి నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. చదివారు. పైకీ కిందకీ రెండుసార్లు చదివారు.

"ఏట్రా, పలకవు? నా మాత్రలు ఎవుల డబ్బుల్తోట్రా?" అంది అత్తమ్మ గుమ్మంలోంచి. అమ్ము ముందే ఆమె చెవిన వేసినట్టుంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నీదీ నాదీ ఏటే? డబ్బు ఒకటే కదా."

"ఒకటే అయితే ఎవరి ఖాతాలో ఉంటే ఏటండీ?" అన్నాను.

నేను లేచి మిషను మీది పాత కాగితం గోటితో గీకి పీకేశాను. కొత్తది అంటించి నాలుగు మూలలా అరచేత్తో అదిమాను.

"మరి ఇంటి ఖర్చు?" అన్నారు నెమ్మదిగా.

"మీ వాటా పన్నెండు వేలు, ఒకటో తారీకున నా ఖాతాకి పంపండి. బ్యాంకులో ఒక్కసారి పెట్టేస్తే చాలు, ప్రతి నెలా దానంతటదే వచ్చేస్తాది. నేను అడగక్కర్లేదు, మీరు లెక్కపెట్టి ఇవ్వక్కర్లేదు."

ఆయన కళ్లముందే లాప్‌టాప్‌లో ఆ పద్దు ఎక్కించాను. ఏ ఖాతా నుంచి? త్రినాథరావు. ఏ ఖాతాకి? భాగ్యరేఖ. ఎన్నాళ్లకోసారి? ప్రతి నెలా. ఆఖరి గడిలో, ఎప్పటివరకు అని అడిగింది.

ముగింపు లేదు అని నొక్కాను.